బట్టలు మార్చుకున్న నిమిషాలు

మార్చి 4

చి. బొంగరానికి,

అమ్మమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు పుస్తకాలు నిన్న పదకొండింటికి అందాయి. ఒకటి 312 పేజీలు, ఒకటి 268, ఒకటి 340. మూడింటి అట్టల మీదా చెమటతో తడిసిన మనిషి రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు. ప్రస్తుతం నేను ఒక్క చెయ్యి ఎత్తాలన్నా రెండో చేత్తో మంచం కమ్మీ పట్టుకోవాలి.

ఏం బుద్ధి పుట్టి పంపావు? గోడగడియారం నాలుగు నిమిషాలు వెనకబడిందని స్టూలెక్కి సరిచెయ్యబోయి పడ్డాను. తుంటి ఎముక విరిగింది. జనవరి 28న లోపల కడ్డీ వేసి కుట్టారు. నేటికి ఐదు వారాలు. నువ్వు ఒక్కసారి రాలేదు. నీ బదులు, నాలుగు కిలోమీటర్లు ఈది, నూట ఎనభై సైకిలు తొక్కి, అదే రోజు మళ్ళీ నలభై రెండు పరుగెత్తే మహానుభావుల కథలు వచ్చాయి. మంచం దిగలేనిదానికి పరుగు కథలు! పస్తున్నవాడి ముందు కూర్చుని విందు జాబితా చదివినట్టుంది.

ఎముకల డాక్టరు చెప్పింది నీకు తెలుసు. పన్నెండు వారాల్లోగా, అంటే ఏప్రిల్ 22 లోగా, ఆ కాలి మీద బరువు మోపి నడవాలి. లేకపోతే ఇక చక్రాల కుర్చీయే. రెండో అంతస్తు, ముప్పై ఎనిమిది మెట్లు, లిఫ్టు లేదు. కుర్చీ ఈ ఇంట్లో పనికిరాదు. మీ మామయ్య అప్పుడే వృద్ధుల ఆశ్రమంలో గది చూసి వచ్చాడు. "అక్కడ అన్నీ చేతికందిస్తారమ్మా" అన్నాడు. చేతికందించాల్సింది పసిపిల్లలకి. పందొమ్మిదేళ్ళుగా నా ఇల్లు నేను నడుపుకుంటున్నాను.

రోజూ వేసిన అడుగులు రాసి పంపమన్నావు. ఇంటికి వచ్చిన మర్నాడు, ఫిబ్రవరి 7, మొదలు నేటిదాకా ఇరవై ఆరు రోజులు. ఇరవై ఆరు సున్నాలు.

నువ్వు అలాంటి పందెం పూర్తిచేసినదానివే కదా. రెండేళ్ళ కిందట నువ్వు రాసిన అంకెలు నా నోటుబుక్కులో ఎక్కించాను: పదిహేను గంటల పదమూడు నిమిషాలు. ఈ మెట్లెక్కే ప్రతివాళ్ళకీ చెప్పాను. కింద కొట్టు పెట్టుకున్న దర్జీ ఇప్పటికీ "మీ పదిహేను గంటల మనవరాలు బాగుందాండీ?" అని అడుగుతాడు. పదిహేను గంటలు ఒళ్ళు హూనం చేసుకున్నదానికి ఆరు గంటలు రైల్లో కూర్చునే ఓపిక లేదా?

ఫోన్ చెయ్యకు. ఫోన్లో అన్నమాట రేపు అనలేదంటావు. కాగితం మీద పెట్టు.

అమ్మమ్మ


మార్చి 10

అమ్మమ్మకి,

నీ ఉత్తరం పని బల్ల దగ్గరే చదివాను. నా ముందు ఎవరిదో పెట్టుడుపళ్ళ పైదవడ ఉంది, మైనంలో పన్నెండు పళ్ళు గుచ్చి. నేను తిట్లు తింటుంటే అదీ ఇకిలిస్తున్నట్టే కనిపించింది.

పస్తున్నవాడికి విందు జాబితా అన్నావు. నువ్వు పస్తు లేవు అమ్మమ్మా, తినను పొమ్మని కంచం తోసేస్తున్నావు. నీకు వ్యాయామం చేయించే అమ్మాయి నాకు ఫోన్ చేసింది. పాపం ఏడుపొక్కటే తక్కువ. "మీ అమ్మమ్మగారు నన్ను చూడగానే కళ్ళు మూసుకుంటారండీ. నిద్రపోతున్నారా అంటే 'అవును' అని జవాబు కూడా చెప్తారు" అంది. కాలికి ఏ లోపమూ లేదట. ఎముక అతుక్కుందట. లేవాల్సింది మనిషేనట. నువ్వేమో ఇరవై ఆరు సున్నాలు కట్టగట్టి పంపావు, ఏదో పతకాల్లాగా.

నడుస్తావని పంపాను పుస్తకాలు. ఆ రాసినవాళ్ళు పుట్టుకతో పరుగెత్తినవాళ్ళు కారు. ఒకాయన నూట ఇరవై కిలోల బ్యాంకు క్యాషియరు, మూడు మెట్లెక్కితే ఆయాసపడేవాడు. చదవకుండా పేజీలు లెక్కపెట్టి పక్కన పారేస్తే ఎలా? ముందు చదువు, తర్వాత తిట్టు.

రాలేనంటే రాలేను. ల్యాబులో ఇద్దరమే. నేను కదిలితే పళ్ళు ఆగిపోతాయి, పళ్ళు ఆగితే జనం నోళ్ళు తెరుచుకుని కూర్చుంటారు. నడవడం నీకు నిజంగా ఇష్టం లేకపోతే మామయ్య చెప్పిన చోటు అంత పాపిష్టిదేం కాదేమో, ఆలోచించు.

బొంగరం


మార్చి 17

బొంగరానికి,

ఆశీస్సులు. అలవాటు కొద్దీ రాశాను, ఇవ్వాలని కాదు.

"అంత పాపిష్టిదేం కాదేమో." ఈ వాక్యం ఎవరిదో నాకు తెలుసు. ఆదివారం మీ మామయ్య టేపు పట్టుకుని వచ్చి నా బీరువా కొలిచాడు. ఆ గదిలో పడుతుందో లేదో చూడాలట. తాళంచెవి అడిగితే ఇవ్వలేదు. అది నా తలగడ కింద ఉంది, అక్కడే ఉంటుంది. నన్ను చూసుకునే ఆయమ్మక్కూడా ఇవ్వను. మామా మేనకోడలూ కూడబలుక్కుని, ఒకరు టేపూ ఒకరు పుస్తకాలూ పట్టుకుని బయల్దేరారన్నమాట. బాగుంది.

చదవమన్నావు, రెండు చదివాను. పెన్సిలు పట్టుకుని చదివాను. నీ క్యాషియరు పదిహేడుసార్లు ఏడుస్తాడు, సగటున పద్దెనిమిది పేజీలకోసారి. ఈత కొడుతూ కూడా ఏడుస్తాడు, కళ్ళద్దాల లోపల. తనలో నిద్రపోతున్న సింహం లేచిందని నాలుగుచోట్ల రాశాడు. ఒకసారి లేచిన సింహం మళ్ళీ మళ్ళీ ఎందుకు లేస్తుంది? మధ్యలో పడుకుందా? రెండోవాడు ఇంకా ఘనుడు. నొప్పి అతిథి అట, మర్యాద చేస్తే కూర్చుని వెళ్ళిపోతుందట. నా దగ్గరికి వచ్చింది అతిథి కాదు. సామాను దింపుకుని అద్దెకు దిగింది.

ఇక సున్నాలు. నువ్వు వాటిని వెక్కిరించావు. వాతావరణ కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్ళు ఉదయం ఎనిమిదిన్నరకి వాన కొలిచాను. వాన లేని రోజున గడి ఖాళీగా వదలకూడదు, సున్నా వెయ్యాలి. ఖాళీ ఉంటే చూడలేదని అర్థం. సున్నా ఉంటే, వెళ్ళి చూశాను, లేదు అని అర్థం. నేను రోజూ నా కాలిని చూసుకుంటున్నాను. లేదు కాబట్టి లేదని రాస్తున్నాను. నిన్నటితో ముప్పై ఎనిమిది, ఇవాళ్టితో ముప్పై తొమ్మిది.

ఆ వ్యాయామం పిల్లకి ఈలపిట్ట అని పేరు పెట్టాను. "ఒక్క అడుగు అమ్మమ్మగారూ, ఒకే ఒక్కడుగు!" అని కూస్తుంది. "ఒక్కడుగు వేసి ఎక్కడికి పోవాలి తల్లీ, పక్కమీంచి చాప మీదికా?" అన్నాను. నాలుగు కాళ్ళ ఇనుప చట్రం ఒకటి మంచం పక్కన నిలబెట్టి పోయింది. దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకుంటున్నాం. ఆ మాత్రం ఉపయోగం ఉంది.

నువ్వు ఈ మెట్లెక్కి రెండేళ్ళ మూడు నెలలైంది. పందెం గెలిచాక కాళ్ళు నేల మీద ఆనడం లేదా?

అమ్మమ్మ


మార్చి 23

అమ్మమ్మకి,

మామయ్యతో నేను మాట్లాడి ఏడాది దాటింది. ఆ వాక్యం నాది, ఒళ్ళు మండి రాశాను. నువ్వు మాత్రం ఎవరు ఏం రాసినా దాని వెనక ఇంకో చెయ్యి ఉందనుకుంటావు. టేపుతో నాకేం సంబంధం?

కాళ్ళు నేల మీద ఆనడం లేదా అన్నావు. ఆ మాట నువ్వు అనకుండా ఉండాల్సింది. నాకు ముప్పై నాలుగేళ్ళు. చిన్నప్పట్నుంచీ నువ్వు నన్ను మెచ్చుకున్న సందర్భాలు లెక్కపెట్టు, నీకు లెక్కలు వచ్చుగా. నాకు గుర్తున్నది ఒక్కటే, పదిహేను గంటల పదమూడు నిమిషాలు. అప్పుడు రాశావు, "బాగా చేశావు" అని. రెండే మాటలు. ఇప్పుడు వాటినీ దెప్పడానికి వాడుకుంటున్నావు.

క్యాషియరు ఏడిస్తే నీకెందుకు నవ్వు? ఏడుస్తూ అయినా చివరిదాకా వెళ్ళాడు. నువ్వు ఏడవవు, వెళ్ళవు కూడా. రోజుకో సున్నా వేసి సంతకం పెట్టి పడుకుంటున్నావు. నెల రోజుల్లో నిన్ను కుర్చీతో సహా కిందికి మోసుకుపోతారు. అప్పుడు ఆ మెట్ల మీద అందరికీ ఏం చెప్తావు?

మూడో పుస్తకం మిగిలింది కదా. అది రాసింది ఒక నర్సు. నీలాగే సూటిగా రాస్తుంది. అదీ చదివి, అందులోనూ తప్పులు దొరికితే అప్పుడు నాకు రాయి. దొరక్కపోతే లేచి నిలబడు. పందెం.

బొంగరం


మార్చి 30

ఈ ఉత్తరానికి ఆశీస్సులు లేవు. ముందు విషయం.

మూడో పుస్తకం చదివాను. నర్సు మంచి మనిషి. ఏడవదు, సింహాలు లేవు. తొమ్మిదో అధ్యాయం మొత్తం బట్టలు మార్చుకోవడం గురించే. నీళ్ళలోంచి వచ్చి డేరాలోకి పరుగెత్తడం, ఒంటికి అతుక్కున్న తడిబట్ట ఊడిరాకపోవడం, తడికాలికి మేజోడు ఎక్కకపోవడం. సైకిలు దిగాక మళ్ళీ అదే గొడవ. మొదటిసారి పదకొండు నిమిషాలు, రెండోసారి ఏడు. గడియారం ఎవరి కోసమూ ఆగదనీ, ఆ నిమిషాలు కూడా మొత్తంలో చేరతాయనీ పట్టిక వేసి మరీ చూపించింది. ఈత, మార్పు, సైకిలు, మార్పు, పరుగు. ఐదు వరసలు. కూడి చూశాను, సరిపోయింది.

అప్పుడు నీ పేజీ తీశాను. రెండేళ్ళ కిందట నువ్వు పంపిన అంకెలు, నా చేతిరాతలో:

ఈత 1 గంట 38 నిమిషాలు. సైకిలు 7 గంటల 51. పరుగు 5 గంటల 44. మొత్తం 15 గంటల 13.

కూడు. కూడుతున్నావా? ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా పదిహేను గంటల పదమూడు. మార్పులు ఎక్కడున్నాయి? తడిబట్టతోనే సైకిలెక్కావా? సైకిలు చెప్పులతోనే నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తావా? నీళ్ళలోంచి నేరుగా సీటు మీదికి ఎగిరి కూర్చున్నావా, చేపలా?

మా కేంద్రంలో ఒక ఉద్యోగి ఉండేవాడు. తడవడం ఇష్టం లేక గదిలోనే కూర్చుని వాన అంకెలు వేసేవాడు. మూడు నెలల కాగితాలు ముందేసుకుని వాణ్ణి పట్టుకున్నాను. నిజం వానకి చిల్లర ఉంటుంది. వాడి వానకి ఉండేది కాదు. నీ అంకెలకీ చిల్లర లేదు. ఇన్నాళ్ళూ నేను చూడలేదంటే అది నా తప్పు. మనవరాలని పరీక్ష చెయ్యకుండా ఎక్కించాను. ఆ పని నా జీవితంలో ఇంకెవరికీ చెయ్యలేదు.

పళ్ళు పెట్టుడువి చేస్తే అది వృత్తి. అంకెలు పెట్టుడువి చేస్తే దాన్నేమంటారో నీకు తెలుసు. దర్జీకి చెప్పాను. పాలవాడికి చెప్పాను. ఎముకల డాక్టరుకి, కత్తి పట్టుకోబోయే ముందు, బల్ల మీద పడుకుని చెప్పాను.

నా సున్నాలు చూసి నవ్వావు. అవి నిజం సున్నాలే.

ఏం జరిగిందో రాయి. కిలోమీటర్లతో రాయి.

అమ్మమ్మ


ఏప్రిల్ 5

అమ్మమ్మకి,

కిలోమీటర్లతోనే రాస్తున్నాను. ఈత మూడు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లు, గంటా ముప్పై ఎనిమిది నిమిషాలు. అది నిజం. మార్పు తొమ్మిది నిమిషాలు, అదీ నిజమే, అబద్ధం రాసేటప్పుడు గుర్తు రాలేదు. సైకిలు నూట పన్నెండు కిలోమీటర్లు. అక్కడితో సరి.

టైరు పగల్లేదు. ఎవరూ ఆపలేదు. కడుపులో తిప్పి రెండుసార్లు వాంతి అయింది, అందరికీ అవుతుంది. సైకిలు గోడకి ఆనించి కిలోమీటరు రాయి మీద కూర్చున్నాను. నీళ్ళిచ్చే పెద్దాయన వచ్చి "ఏమ్మా, వెళ్తావా, ఆగిపోతావా?" అన్నాడు. "ఆగిపోతాను" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది. నా ఒంటి మీది నంబరూ, గడియారమూ చూసి ఏదో రాసుకుని పాపం బిస్కెట్టు ఇచ్చాడు. తిన్నాను.

నీకు పంపినవి పందేనికి ముందు నేను అట్టముక్క మీద రాసుకున్న అంకెలు. అలా చెయ్యాలనుకున్నవి. మార్పుల అధ్యాయం ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. నేను ఎప్పుడూ దాటేసేదాన్ని. అందులో ఎవరూ ఏడవరు, ఎవరూ గెలవరు.

ఎందుకు చేశానంటావు. ఇదిగో, నీ ఉత్తరం నా బల్ల సొరుగులోనే ఉంది, పందేనికి వారం ముందు రాసింది. "పూర్తయ్యాక రాయి. సగంలో వదిలేసినవాళ్ళ కబుర్లు నాకు అక్కర్లేదు." నీ చేతిరాతే. నేను సగంలో వదిలేశాను. కబురు రాయకూడదు. రాయకుండా ఉంటే పడ్డానని నీకు తెలిసిపోతుంది. ఇంక ఏం చెయ్యమంటావు? అబద్ధం రాశాను, నువ్వు "బాగా చేశావు" అన్నావు, ఆ తర్వాత నీ మెట్లెక్కే మొహం నాకు లేకపోయింది. కాళ్ళు నేల మీద ఆనక కాదు. దర్జీ ముందునుంచి నడవాలి కదా.

ఆ పుస్తకాలు నీకెందుకు పంపానో కూడా విను. నా దగ్గర పదకొండు ఉండేవి. చదువుతున్నంతసేపూ నేనూ పూర్తిచేసినట్టే ఉంటుంది. చివరి పేజీ అయ్యాక ఇంకోటి కొనేదాన్ని. సైకిలు మాత్రం రెండేళ్ళుగా దుప్పటి కప్పుకుని మూల నిలబడింది. మిగతావి అమ్మేశాను. ఈ మూడూ నీకైనా పనికొస్తాయనుకున్నాను. నాకంటే నువ్వు మొండిదానివి కదా అని.

ఇప్పుడు నన్ను ఏమైనా అను. కానీ ఒకటి చెప్పు. ఆ నోటుబుక్కు అవతలి గదిలో, బీరువాలో, పై అరలో ఉంటుంది. తాళంచెవి ఎవరికీ ఇవ్వనన్నావు. దాన్ని ఎవరు తీసిచ్చారు?

బొంగరం


ఏప్రిల్ 11

బొంగరానికి,

ఎవరూ తీసివ్వలేదు.

తొమ్మిదో అధ్యాయంలో పట్టిక కూడుతుండగానే నీ లెక్క తేడా కొట్టింది. ఆయమ్మ మందులకి కిందికి వెళ్ళింది. పిలిస్తే పలకలేదు. నాకు ఆగలేదు. తువ్వాళ్ళు తీసి మంచం మీద పడేసి, ఆ ఇనుప చట్రం పట్టుకుని లేచాను. నిన్ను తిట్టుకుంటూ గడప దాటాను, తిట్టుకుంటూ తాళం తీశాను. నీ పేజీ తెరిచి మూడు అంకెలూ కూడి "ఓసి దొంగమొహమా!" అని పైకే అన్నాను. అప్పుడు చూసుకున్నాను, రెండు కాళ్ళ మీద నిలబడి ఉన్నానని. చేతిలో నోటుబుక్కు, పట్టుకోవడానికి పక్కన ఎవరూ లేరు. భయం అప్పుడు వేసింది. అంతకుముందు ఏడు వారాలు కళ్ళు మూసుకున్నది కూడా నిద్రతో కాదు. మళ్ళీ ఆ స్టూలు మీంచి పడతానని. ఈ సంగతి మీ మామయ్యకి చెప్పకు.

తిరిగి మంచం చేరడానికి వెళ్ళినదానికంటే నాలుగింతలు పట్టింది. వెళ్ళేటప్పుడు అడుగులు లెక్కపెట్టలేదు, కాబట్టి రాయకూడదు. వచ్చేటప్పుడు పదిహేడు. మార్చి 29కి ఎదురుగా పదిహేడు అని మాత్రమే ఉంది. మర్నాడు కాలు వాచి మళ్ళీ సున్నా. ఆ మర్నాడు ఇరవై రెండు. నిన్న నూట నాలుగు అడుగులు, తొమ్మిది మెట్లు కిందికి, తొమ్మిది పైకి. ఈలపిట్ట చప్పట్లు కొట్టింది. ఇంకోసారి కొడితే మానేస్తానన్నాను.

నా కోపం తగ్గిందనుకోకు. ఓడిపోయావని కాదు నా కోపం. నూట పన్నెండు కిలోమీటర్లు నిజంగా తొక్కి, దాన్ని పారేసి, తొక్కనివాటిని నాకు అంటగట్టావు. ఈదింది నిజం, తొక్కింది నిజం. నిజానికి ఆ పేజీలో పనికొచ్చే అంకెలున్నాయి, నువ్వే వాటిని చెడగొట్టావు.

తప్పు అంకెని చెరపడం మా పద్ధతి కాదు. ఒక్క గీత కొట్టి, పైన సరైనది వేసి, దిద్దినవాళ్ళు సంతకం పెట్టాలి. ఎవరు ఇచ్చిన అంకె వాళ్ళే దిద్దాలి. సైకిలు దగ్గర 112 వెయ్యాలి. పరుగు దగ్గర ఖాళీ వదలకు, సున్నా వెయ్యి. ఆ పని ఉత్తరంలో కుదరదు.

నువ్వు సొరుగులో దాచుకున్న నా ఉత్తరం కూడా తీసుకురా. "సగంలో వదిలేసినవాళ్ళ కబుర్లు నాకు అక్కర్లేదు" అన్న వాక్యం నాది. దాని మీద గీత కొట్టాల్సింది నేను. సంతకం కూడా పెడతాను.

మీ మామయ్య 22న బీరువా దింపించడానికి మనుషుల్ని తెస్తానన్నాడు. నువ్వు 21న ఉదయం రా. నీ పళ్ళు ఒక రోజు ఆగితే ఎవరూ చావరు. పైకి రాకు. కింద దర్జీ కొట్టు ముందు బల్ల ఉంటుంది, అక్కడ కూర్చో. పదిహేను గంటల మాట అతను అడుగుతాడు, జవాబు నువ్వే చెప్పుకో. నేను చెప్పను.

నోటుబుక్కు నేను కిందికి తెస్తాను. ముప్పై ఎనిమిది మెట్లు. ఎంతసేపు పడుతుందో చెప్పలేను. గడియారం తెచ్చుకో. నేను మధ్యలో కూర్చున్న నిమిషాలు కూడా లెక్కలో వెయ్యి.

అమ్మమ్మ